దవాఖానలో పని ఎవరిది, కొలువు ఎవరిది?

2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచీ కంపెనీ పేలింది. నలభై మందికి పైగా కార్మికులు చనిపోయారు. చాలామంది బయటి రాష్ట్రాల నుంచి పొట్ట చేతబట్టుకొని వచ్చినవాళ్లు. ఆ కంపెనీతో మా కుటుంబానికి ఏ సంబంధమూ లేదు. కానీ మా అక్క ఇదే బెల్టులో ఇంకో మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుంది. పదకొండేళ్లుగా చేస్తోంది, ఇప్పటికీ కాంట్రాక్టే. ఆ వారమంతా ఆమె డ్యూటీకి పోయి వచ్చిందే గాని సరిగ్గా తిన్నది లేదు. ఆదివారం మేం కొల్లూరు పోయినప్పుడు బియ్యం ఏరుకుంటూ అడిగింది: "తమ్మీ, నాకు ముప్పై నాలుగు నడుస్తున్నయి. గిప్పుడు నర్సు ట్రైనింగు చేస్తే అయితదా?"

యూనివర్సిటీలో చదువుకున్నామని, మా ఇంట్లో డిగ్రీ గడప దాటిన మొదటివాళ్లమని మాకో గర్వముంది. ఆ ప్రశ్నకి జవాబు మాత్రం వెంటనే చెప్పలేకపోయాం. కనుక్కొని చెప్తామన్నాం. కనుక్కున్నదాన్ని, దానితోపాటు బయటపడ్డ మరికొన్ని విషయాల్నీ ఇక్కడ రాస్తున్నాం. ఈ ప్రశ్న ఒక్క మా అక్కది కాదు గనక రాస్తున్నాం.

ముందు కొల్లూరు సంగతి. సంగారెడ్డి జిల్లా రామచంద్రాపురం మండలంలోని ఈ ఊరు ఔటర్ రింగు రోడ్డు పడ్డాక ఊరుగా మిగల్లేదు. పొలాలు ప్లాట్లయినయి, ప్లాట్లు టవర్లయినయి. 2018లో తెల్లాపూర్ మున్సిపాలిటీలో కలిపారు. 2023 జూన్‌లో 15,660 ఇళ్ల డబుల్ బెడ్రూం కాలనీ మొదలైంది. హైదరాబాదు బస్తీల నుంచి వేల కుటుంబాలు వచ్చిపడ్డాయి. ఇళ్లు ఇక్కడ, పాత పనులేమో సిటీలో. దాంతో అటు ఊరి మాదిగవాడ ఆడవాళ్లకీ, ఇటు కాలనీ ఆడవాళ్లకీ మిగిలిన దారులు రెండే. ఒకటి టవర్లలో హౌస్‌కీపింగు, రెండోది పటాన్‌చెరు కంపెనీల్లో షిఫ్టు. ఈ మధ్య మూడోది వచ్చింది. చందానగర్ నుంచి సంగారెడ్డి దాకా ముంబై రోడ్డు పొడుగునా మొలిచిన ప్రైవేటు దవాఖానల్లో ఆయా పని.

ఈ మూడో దారి దగ్గరే కొంచెం ఆగాలి. ఆయాగా చేరిన ఆడమనిషి ఏం చేస్తుంది? రోగిని తిప్పి పడుకోబెడుతుంది, బెడ్‌పాన్ పెడుతుంది, నెత్తుటి బట్టలు తీస్తుంది, ఒళ్లు తుడుస్తుంది, రాత్రి రెండింటికి మూలిగిన మనిషి దగ్గరికి మొదట పోతుంది. కొన్ని చిన్న దవాఖానల్లో సెలైన్ కూడా ఆమే మారుస్తుంది. కానీ ఆమెను సిస్టర్ అనరు, 'ఆయమ్మా' అంటారు. ఆమె చేసిన పని కేస్ షీటులో ఎక్కదు. ఆమె అనుభవం పదేళ్లయినా పద్దెనిమిదేళ్ల నర్సు పిల్ల చేతికింద ఆయాగానే ఉంటుంది. పని ఒకరిది, కొలువు ఇంకొకరిది. ఈ విభజన దవాఖాన పుట్టించింది కాదు, ఊరి నుంచి తెచ్చుకున్నది.

మన ఊళ్లలో కాన్పు చేసింది ఎవరు? మంత్రసాని. ఆమె ఎక్కువచోట్ల మంగలి ఇంటిదో మాదిగ, మాల ఇంటిదో. బొడ్డు కోయటం, మాయ పాతిపెట్టటం మైల పనులు గనక ఆ పనులు తెలిసినామె కూడా మైలే. దొరసాని పురుడు పోసుకోవటానికి ఆ చేతులు కావాలి, పదకొండో రోజుకి అదే చేతులు గడప బయట ఉండాలి. అంత నేర్పు ఉన్న విద్యకి మన సమాజం పెట్టిన విలువ నాలుగు శేర్ల వడ్లు, ఒక పాత చీర. శరీరాన్ని తాకే పనిని ఈ సమాజం ఎప్పుడూ అంటరాని పనిగానే చూసింది. నర్సు పని పుట్టింది ఈ నేల మీదే కదా, ఆ చూపు దానికి తప్పుతుందా?

అందుకే మొదట్లో పైకులాల ఆడపిల్లలు ఈ వృత్తి గుమ్మం తొక్కలేదు. మిషన్ దవాఖానలు వచ్చినప్పుడు అక్కడ చేరి నేర్చుకున్నవాళ్లు ఎక్కువగా క్రైస్తవంలోకి పోయిన మన ఇళ్ల పిల్లలు, దిక్కులేని విధవలు. అన్నా కుగ్లర్ అనే అమెరికన్ లూథరన్ డాక్టరమ్మ 1883లో గుంటూరు వచ్చింది. తర్వాత అక్కడ ఆమె నడిపిన ఆడవాళ్ల దవాఖాన ఇప్పటికీ ఆమె పేరుతోనే ఉంది. ఇటు నిజాం రాజ్యంలో వెస్లియన్ మిషన్ వాళ్లు మెదక్‌లో దవాఖాన పెట్టారు, డిచ్‌పల్లిలో కుష్టురోగులకి ఆసుపత్రి కట్టారు. మెదక్ అనగానే 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన పెద్ద చర్చిని చూపిస్తారు, ఫొటోలు తీసుకుంటారు. ఆ మిషన్ దవాఖానల్లో పుండ్లు కడిగిన మాల మాదిగ ఆడవాళ్ల పేర్లు మాత్రం ఏ పలక మీదా లేవు. మిషన్లని ఆకాశానికెత్తటం మా ఉద్దేశం కాదు. అక్కడా దొరసానులు పైన, మనవాళ్లు కింద. కాకపోతే తాకే పనిని పాపం అనకుండా సేవ అన్నారు. 'సేవ' అన్న ఆ మాటతో తర్వాత వేరే ఇబ్బంది వచ్చింది, అది ముందుకి చెప్తాం.

మహారాష్ట్ర వైపు చూస్తే సావిత్రీబాయి ఫూలే ఉంది. పూణేలో ప్లేగు వచ్చినప్పుడు కొడుకు యశ్వంత్ దవాఖానలో రోగులకి సేవచేస్తూ తనకే ప్లేగు సోకి 1897 మార్చి 10న చనిపోయింది. ఆమెను పంతులమ్మగా తలుచుకుంటాం, మంచిదే. చివరి దినాల్లో ఆమె చేసింది నర్సు పని అన్న సంగతి మన సభల్లో ఎందుకో చెప్పరు.

స్వాతంత్ర్యానికి ముందు సంవత్సరం, 1946లో, భోర్ కమిటీ లెక్క తీసింది. 43 వేల మంది జనానికి ఒక్క నర్సు. నర్సులు ఉండే వసతి, తినే తిండి, జీతం ఏవీ బాగాలేవని కూడా ఆ నివేదికే రాసింది. 1947లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. మన దగ్గర మద్రాసు ప్రెసిడెన్సీ కాలంనాటి 1926 చట్టం కింద నర్సుల రిజిస్ట్రేషన్ నడుస్తూ వచ్చింది. ఇక్కడినుంచి నర్సు అంటే పని తెలిసిన మనిషి కాదు, రిజిస్టరులో పేరున్న మనిషి. ఇది అవసరమే. చేతకానివాళ్లు సూది పొడిస్తే పోయేది పేదవాడి ప్రాణమే గనక రిజిస్టరు ఉండాల్సిందే. అయితే ఆ రిజిస్టరులోకి పోయే తలుపు ఎంత వెడల్పు, ఎవరి కొలతకి చేశారు అన్నది అడగాలి.

ఆ తలుపు సంగతి వివరంగా చెప్తాం. అక్కకి చెప్పిన పద్ధతిలోనే.

నర్సింగులో మెట్లు మూడు. మొదటిది ఏ.ఎన్.ఎం., రెండేళ్లు. సబ్‌సెంటర్లో టీకాలు వేసే, గర్భిణుల్ని చూసే నర్సమ్మ అయ్యేది ఈ చదువుతోనే. ఇంటర్ ఏ గ్రూపయినా పాసయితే చాలు, ఆర్ట్స్ వాళ్లూ చేరవచ్చు, ఓపెన్ స్కూల్ ఇంటర్ కూడా చెల్లుతుంది. రెండోది జి.ఎన్.ఎం., మూడేళ్లు. దవాఖాన వార్డులో స్టాఫ్ నర్సు కావటానికి ఇది కావాలి. ఇంటర్ పాసవటంతో పాటు మొత్తం మీద 40 శాతం, ఇంగ్లిషులో విడిగా 40 శాతం మార్కులుండాలి. సైన్సు వాళ్లకి మొగ్గు చూపుతారు గాని ఆర్ట్స్ వాళ్లని తోసెయ్యరు. మూడోది బి.ఎస్సీ. నర్సింగ్, నాలుగేళ్లు. దానికి మాత్రం ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీలతో ఇంటర్ తప్పదు. జి.ఎన్.ఎం. చేసినవాళ్లు పోస్ట్ బేసిక్ అని రెండేళ్లు చదివి అదే డిగ్రీ తెచ్చుకోవచ్చు. పెళ్లయినా పిల్లలున్నా చేరవచ్చు. పెళ్లయితే తీసుకోరని కొల్లూరులో చాలామంది ఆడవాళ్లు అనుకుంటున్నారు, అది ఒట్టి మాట.

ఇంతవరకు బాగానే ఉంది. అసలు గీత వయసు దగ్గరుంది. కౌన్సిల్ నిబంధనల ప్రకారం ఏ.ఎన్.ఎం.కి గాని జి.ఎన్.ఎం.కి గాని చేరేనాటికి 17 ఏళ్లు నిండాలి, 35 దాటకూడదు. ఎందుకు 35? మేం చదివిన నిబంధనల్లో కారణం రాసిలేదు. ఇంగ్లండులో నర్సింగ్ డిగ్రీలో చేరటానికి పై వయసు పరిమితి లేదు. పిల్లలు పెద్దయ్యాక, ఒక పని వదిలేశాక నర్సింగుకి వచ్చినవాళ్లు అక్కడ క్లాసుల్లో మామూలుగా కనిపిస్తారు.

పోనీ మన ప్రభుత్వం వయసు మీరిన నర్సు వద్దనుకుంటుందా అంటే అదీ లేదు. 2022 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం ఉద్యోగాల పై వయసు పరిమితిని 34 నుంచి 44కి పెంచింది. 2024 ఫిబ్రవరిలో 46 చేసింది. ఎస్సీలకి మరో ఐదేళ్ల సడలింపు. 2022 డిసెంబరులో 5,204 స్టాఫ్ నర్సు పోస్టులకి నోటిఫికేషన్ ఇచ్చి, తర్వాత పోస్టులు కలిపి, 2024 జనవరి 31న ఎల్బీ స్టేడియంలో 6,956 మందికి నియామక పత్రాలిచ్చారు. అంటే నలభై తొమ్మిదేళ్ల దళిత స్త్రీని నర్సుగా తీసుకోవటానికి రాష్ట్రానికి అభ్యంతరం లేదు. ఆమె ఆ నర్సు చదువు ముప్పై ఆరో ఏట మొదలుపెడతానంటే మాత్రం కుదరదు. ఈ రెండు నిబంధనల్ని ఒకచోట పెట్టి చదివిన అధికారి ఎవరన్నా ఉన్నారా అని మాకు సందేహం.

ఈ గీత ఎవరిమీద పడుతుందో చూడండి. పదిహేడేళ్లకి ఇంటర్ పాసై పద్దెనిమిదికి నర్సింగులో చేరే పిల్లకి ఈ నిబంధన ఉందని కూడా తెలియదు. టెన్త్ అవగానే కూలికి పోయి, పంతొమ్మిదికి పెళ్లయి, ఇరవై మూడుకి ఇద్దరు పిల్లలై, వాళ్లు కాస్త ఎదిగి, అత్త మంచాన పడి, ఆమెకి రెండేళ్లు పక్క ఎత్తి పోసి, అప్పుడు 'ఈ పని నాకొచ్చు గదా' అనుకునే మనిషికి తగులుతుంది. మన ఆడవాళ్లకి చదువు గురించి ఆలోచించే తీరిక వచ్చేదే ముప్పై మూడు, ముప్పై నాలుగులో. సరిగ్గా అక్కడికొచ్చేసరికి గేటు మూస్తారు.

ఇంకో విచిత్రం చెప్పాలి. ఆ వయసు కూడా ఎవరు రాసింది? మా ఇంట్లో ముగ్గురం పిల్లలం, ముగ్గురి పుట్టినరోజులూ జూన్‌లోనే ఉంటాయి. అమ్మ ఏమో అక్క దసరా అయ్యాక పుట్టిందంటుంది. బడిలో చేర్చినరోజు పంతులు మొహం చూసి ఒక తేదీ వేశాడు, అంతే. చేయి తలమీదుగా తిప్పి చెవి అందుతుందా అని చూసి బడిలో వేసుకున్న కాలం అది. మాదిగవాడలో ఏ ఇంటికి పోయినా జూన్, జూలై పుట్టినరోజులే. పంతులు ఆరోజు ఒక ఏడాది తక్కువ వేసివుంటే అక్కకి ఇంకో ఏడాది చేతిలో ఉండేది. ఇన్నేళ్ల తర్వాత ఒక మనిషి బతుకు దారి తేల్చేది ఆ అంచనా అంకె.

అక్క పరిస్థితి ఇది. ఇంటర్ చదివింది, ఇంగ్లిషు ఒక్కటి తప్పింది. తర్వాత పెళ్లి. ఆ ఇంగ్లిషు గట్టెక్కకపోతే ఏదీ లేదు. ఓపెన్ స్కూల్లో చేరితే పాత సబ్జెక్టుల మార్కులు కొన్ని బదిలీ చేసుకునే వీలుంది. అది ఒక్క పరీక్ష సీజనులో పాసయితే, ముప్పై ఐదు దాటకముందు ఆమెకి దొరికేది ఒక్క అడ్మిషన్ల సీజను. మేం ఆమెకి జి.ఎన్.ఎం. కాకుండా ఏ.ఎన్.ఎం. చూసుకోమన్నాం. మావాళ్లలో కొందరు ఈ సలహా తప్పన్నారు. చిన్న మెట్టెందుకు, పెద్దదే ఎక్కొచ్చు గదా అన్నారు. మా లెక్క వేరు. అదే కౌన్సిల్ నిబంధనల్లో ఒక సందు ఉంది. ఏ.ఎన్.ఎం. చేసి రిజిస్టరైనవాళ్లు జి.ఎన్.ఎం.లో చేరటానికి వయసు అడ్డం లేదు. అంటే ముప్పై ఐదు లోపల ఒక్క కాలు లోపల పెడితే తర్వాత ఎప్పుడైనా పైకి పోవచ్చు. పైగా ఏ.ఎన్.ఎం. పాఠాలు తెలుగులో చెప్పే వీలుంది. జి.ఎన్.ఎం. ఇంగ్లిషు చదువు. పదహారేళ్ల తర్వాత పుస్తకం పట్టే మనిషికి అదేం చిన్న సంగతి కాదు. ఏ.ఎన్.ఎం. రెండేళ్లు, తర్వాత జి.ఎన్.ఎం. మూడేళ్లు వేసుకున్నా నలభై ఒకటో ఏటికి స్టాఫ్ నర్సు చదువు పూర్తవుతుంది. 2022 లెక్క ప్రకారం చూసినా దరఖాస్తు పెట్టటానికి ఇంకా ఎనిమిదేళ్లుంటాయి.

మరి ఆ ఐదేళ్లు ఇల్లు ఎట్లా గడవాలి? ఈ ప్రశ్న తప్పించి రాసేవాళ్లంటే మాకు కోపం. 2021లో తెలంగాణ ప్రభుత్వం ప్రభుత్వ నర్సింగ్ విద్యార్థుల స్టైపెండు పెంచింది. మొదటి ఏడాది వాళ్లకి నెలకి 1,500 ఉన్నది 5,000 అయింది. పద్దెనిమిదేళ్ల పిల్లకి అది చేతి ఖర్చు. ఇద్దరు పిల్లల తల్లికి అది ఇంటి కిరాయికి కూడా రాదు. 1944లో, అంబేద్కర్ వైస్రాయి కౌన్సిల్లో ఉన్నప్పుడు, షెడ్యూల్డు కులాలకి పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్పు మొదలైంది. మేం చదివిందీ దానితోనే. కానీ ఆ స్కాలర్‌షిప్పు ఊహలో విద్యార్థి అంటే తండ్రి ఇంట్లో ఉండే కుర్రవాడు. పిల్లల్ని పోషిస్తూ చదివే తల్లి ఆ ఊహలో లేదు. పైగా చాలా స్కూళ్లు హాస్టల్లోనే ఉండమంటాయి. పిల్లల్ని ఎవరు చూస్తారు? అక్క విషయంలో అమ్మ చూస్తానంది. అమ్మ లేనివాళ్ల సంగతి?

ఈ ఇరుకులోనే మోసగాళ్లు పుడతారు. పటాన్‌చెరులో, లింగంపల్లిలో గోడలమీద చూసే ఉంటారు, 'ఆరు నెలల్లో నర్సు, టెన్త్ పాస్/ఫెయిల్, వయోపరిమితి లేదు' అని. అక్కతో పాటు ప్యాకింగులో పనిచేసిన ఒకామె చీటీ ఎత్తి ముప్పై వేలు కట్టింది. తెల్ల కోటిచ్చారు, సర్టిఫికెట్టిచ్చారు, గ్రూప్ ఫొటో దిగారు. ఆ కాగితంతో నర్సింగ్ కౌన్సిల్లో పేరు ఎక్కదు. ఆమె ఇప్పుడు ఒక చిన్న దవాఖానలో నర్సు డ్రెస్సు వేసుకొని ఆయా జీతానికి పనిచేస్తోంది. రేపు ఏదన్నా జరిగితే కేసు ఆమె మీద పడుతుంది. డబ్బు కట్టేముందు అడగాల్సినవి రెండే మాటలు: ఈ స్కూలుకి నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందా? చదువు అయ్యాక నాకు రిజిస్ట్రేషన్ నంబరు వస్తుందా? రెండింటికీ కాగితం చూపించకపోతే లేచి వచ్చెయ్యాలి.

ఇప్పుడు 'సేవ' సంగతి. కొలువు దొరికినంత మాత్రాన అంతా అయిపోదు. 2020 మే 3న గాంధీ ఆసుపత్రి మీద హెలికాప్టరుతో పూలు చల్లారు. అదే ఏడాది జూలైలో అదే గాంధీలో ఔట్‌సోర్సింగ్ నర్సులు జీతాల కోసం పని ఆపి కూర్చున్నారు. సేవ అన్నప్పుడల్లా జీతం మాట వెనక్కి పోతుంది. ప్రైవేటు దవాఖానల మీద 2016 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పాక కేంద్రం వేసిన కమిటీ స్పష్టంగానే రాసింది. యాభై పడకల లోపు దవాఖానలో కూడా నర్సుకి నెలకి ఇరవై వేలకి తగ్గకూడదు, రెండొందల పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలి. అది సిఫారసే తప్ప దానికదే చట్టం కాదు. ముంబై రోడ్డు మీద దవాఖానల్లో చేరిన మన పిల్లల్ని అడగండి, ఎంతిస్తున్నారో చెప్తారు. 2023 ఆగస్టులో తెలంగాణ సెకండ్ ఏ.ఎన్.ఎం.లు పర్మినెంటు చెయ్యమని సమ్మె చేశారు. మేం అక్కకి చూపించిన మెట్టు మీద నిలబడ్డవాళ్లే వాళ్లు. ఈ సంగతి ఆమె దగ్గర దాచలేదు.

ఇంకొకటి గమనించాలి. జీతం పెరిగినకొద్దీ, విదేశాలకి దారి తెరుచుకున్నకొద్దీ ఈ వృత్తి మైల కడుక్కుంటోంది. కేరళ నర్సులు 1960లలో జర్మనీకి పోయారు. వాళ్ల ఇళ్లకి డబ్బొచ్చాక నర్సు పిల్లకి పెళ్లి కాదన్న మాట పోయింది. మన దగ్గరా నర్సింగు ఇప్పుడు చాలా కులాలు కోరుకునే చదువు. అది మంచికే. కానీ పైమెట్లకి సైన్సు, ఇంగ్లిషు, ఫీజు అనే తాళాలు పడుతుంటే, ఈ పనిని అందరూ ఛీ అన్న రోజుల్లో చేసినవాళ్ల మనవరాళ్లు వార్డులో చీపురు దగ్గరే ఆగుతున్నారు. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో ఎస్సీల 15 శాతం ఒకటి, తొమ్మిది, ఐదుగా పంచారు. సీట్ల వాటా మీద మనలో మనకి ఎంత వాదమైనా ఉండనీ, వయసు దాటిపోయి దరఖాస్తే పెట్టలేని ఆడమనిషికి ఏ వాటా వచ్చినా లాభమేముంది?

కనుక మేం అడిగేది ఇది. ఏ.ఎన్.ఎం., జి.ఎన్.ఎం. చేరికకి 35 ఏళ్ల గీత తీసెయ్యాలి. లేదంటే కనీసం ఉద్యోగానికి పెట్టిన వయసుకి అది సరిపడేలా ఉండాలి. దవాఖానల్లో ఆయాలుగా, ఊళ్లలో ఆశాలుగా ఏళ్లు పనిచేసినవాళ్లకి ఏ.ఎన్.ఎం.లో కొన్ని సీట్లు విడిగా ఉంచాలి. తల్లులైన విద్యార్థులకి స్టైపెండు కనీస కూలికి తగ్గకూడదు. 2023లో పార్లమెంటు పాత కౌన్సిల్ స్థానంలో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ కోసం కొత్త చట్టం చేసింది. నిబంధనలు మళ్లీ రాయటానికి సందు ఉన్నది అక్కడే. దళిత సంఘాలు, నర్సుల యూనియన్లు దాన్ని పట్టుకోవాలి. ఇప్పటిదాకా మనం రిజర్వేషన్ల రోస్టరు గురించి మాట్లాడినంతగా చేరిక వయసు గురించి మాట్లాడలేదు. అందులో మా తప్పూ ఉంది.

అక్క ఓపెన్ స్కూలు ఫారం నింపింది. పుట్టినతేదీ గడి దగ్గర కాసేపు ఆగి, "దసరా అని రాయొద్దా?" అని నవ్వింది. టెన్త్ మెమోలో ఉన్నదే రాసింది. బి షిఫ్టు అయి ఇంటికొచ్చేసరికి రాత్రి పదకొండవుతుంది. ఇంగ్లిషు పాఠాలు కంపెనీ బస్సులో చదువుతానంటోంది. బస్సులో లైటు ఉండదు, ఫోను వెలుతురుకి చదవాలి.